వృద్ధుల ఉచిత వైద్యం: అర్హత, తిరస్కరణ, అప్పీలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆదాయ పరిమితిని ప్రాతిపదికగా తీసుకొని ప్రభుత్వాలు అందించే ఉచిత వైద్యపథకాలలో వృద్ధుల స్థానం ప్రత్యేకమైనది. వైద్యం అవసరమయ్యేది వృద్ధునికి. అర్హతను లెక్కించేది మాత్రం కుటుంబానికి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే చాలా తిరస్కరణలకు మూలం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని ఆరోగ్యశ్రీ తరహా పథకాలను, కేంద్రప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆధారం చేసుకొని అర్హత నిర్ణయమయ్యే తీరును, తిరస్కరణలోని రకాలను, అప్పీలుకు ఉన్న మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ వ్యవహారంలో వాడుకలో ఉన్న తెలుగు పరిపాలనా పదజాలం వృద్ధుల అవగాహనను ఏ విధంగా ప్రభావితం చేస్తున్నదో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: వృద్ధులు, ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్, అర్హత, కుటుంబం, తిరస్కరణ, అప్పీలు, సమాచార హక్కు, పరిపాలనా భాష.

1. ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగంలోని 41వ అధికరణం నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం వంటి సందర్భాలలో ప్రజాసహాయం పొందే హక్కును కల్పించాలని రాజ్యానికి నిర్దేశిస్తున్నది. వార్ధక్యం, అనారోగ్యం ఒకే వాక్యంలో పక్కపక్కనే చోటుచేసుకోవడం గమనించదగినది. నిత్యజీవితంలోనూ అవి పక్కపక్కనే ఉంటాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. గుండె జబ్బులు, మూత్రపిండాల వైఫల్యం, కేన్సరు, తుంటి ఎముక విరగడం వంటివి ఈ వయసువారిని ఎక్కువగా బాధించే వ్యాధులు. వీటి చికిత్సకయ్యే ఖర్చు వృద్ధాప్య పింఛనుతో తీరేది కాదు.

ఆదేశిక సూత్రాలు న్యాయస్థానాల ద్వారా నేరుగా అమలు చేయించుకోదగినవి కావు. అందువల్ల పథకాల రూపంలోనే ఈ సహాయం ప్రజలకు చేరుతున్నది. పథకం ఉన్నచోట పరిమితి ఉంటుంది. పరిమితి ఉన్నచోట దానికి అటూ ఇటూ మనుషులు ఉంటారు. పరిమితికి అవతల నిలిచిపోయిన వృద్ధునికి తాను ఎందుకు అవతల ఉన్నాడో తెలియాలి. ఆ నిర్ణయం తప్పయితే సరిదిద్దుకొనే దారి కూడా ఉండాలి. ఈ రెండు అవసరాల చుట్టూ ఈ వ్యాసం సాగుతుంది.

2. పథకాల నేపథ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ. 1.5 లక్షలు, అదనపు నిల్వగా మరో రూ. 50 వేల మేరకు నగదు చెల్లించకుండా చికిత్స పొందే వీలు కల్పించింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఎన్టీఆర్ వైద్యసేవగా, వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా, తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవగా పేర్లు మార్చుకుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరుతోనే కొనసాగుతూ, 2023 డిసెంబరులో చికిత్స పరిమితి రూ. 10 లక్షలకు పెరిగింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో పరిమితిని రూ. 25 లక్షలకు పెంచుతున్నట్లు ప్రకటించారు.

కేంద్రప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ – ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ప్రారంభించింది. దీని పరిమితి కుటుంబానికి ఏడాదికి రూ. 5 లక్షలు. 2024 అక్టోబరు 29న ఈ పథకాన్ని 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తింపజేశారు. వీరికి ఇచ్చే ప్రత్యేక కార్డుకు 'ఆయుష్మాన్ వయ వందన' అని పేరు.

చికిత్స పరిమితి ఎంత పెరిగినా అది అర్హత పొందినవారికే ఉపయోగపడుతుంది. కాబట్టి లక్షల సంఖ్య కన్నా ముందు పరిశీలించవలసినది అర్హత.

3. అర్హతకు కొలమానం: కుటుంబం

ఆరోగ్యశ్రీకి తొలినాళ్లలో రేషన్ కార్డే ప్రవేశపత్రం. దీనివల్ల దరఖాస్తు ప్రక్రియ సులభమయింది. ఆసుపత్రిలో కార్డు చూపితే చాలు. కానీ ఆహారభద్రత కోసం రూపొందిన కొలమానమే వైద్యానికీ కొలమానమయింది. నెలకు ఇంత బియ్యం కొనుక్కోగల కుటుంబం గుండె శస్త్రచికిత్స కూడా చేయించుకోగలదనే ఊహ అందులో అంతర్లీనంగా ఉంది.

2019 చివరలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ముడిని కొంత సడలించి ఆరోగ్యశ్రీకి ప్రత్యేక ప్రమాణాలు నిర్ణయించింది. వార్షికాదాయం రూ. 5 లక్షల లోపు ఉన్నవారిని, 12 ఎకరాలలోపు మాగాణి లేదా 35 ఎకరాలలోపు మెట్ట ఉన్నవారిని అర్హులుగా గుర్తించింది. బియ్యం కార్డుకు, పింఛనుకు పెట్టిన ప్రమాణాలు మాత్రం ఇంతకన్నా కఠినమైనవి. గ్రామాలలో నెలకు రూ. 10 వేలు, పట్టణాలలో రూ. 12 వేలు ఆదాయ పరిమితి. 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట. నెలకు సగటున 300 యూనిట్ల విద్యుత్తు. నాలుగు చక్రాల సొంత వాహనం, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం లేకపోవడం. వీటినే జనం 'ఆరంచెల పరిశీలన' అన్నారు. ఈ ప్రమాణాలు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసేనాటికి అమలులో ఉన్న ఉత్తర్వును చూసుకోవడం అవసరం.

ఈ ప్రమాణాలన్నీ కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటాయి. వృద్ధుల విషయంలో దీనివల్ల కలిగే చిక్కులు ప్రధానంగా నాలుగు.

అ) భూమి: తెలుగు గ్రామాలలో పొలం పంపకాలు చాలావరకు పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా జరుగుతాయి. కొడుకులు ఎవరి వాటా వారు సాగుచేసుకుంటారు. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం తండ్రి పేరుతోనే ఉంటుంది. దస్తావేజులో ఆయన భూస్వామి. వాస్తవంలో పెద్దకొడుకు ఇంట ఒక నెల, చిన్నకొడుకు ఇంట ఒక నెల వంతులవారీగా భోజనం చేసే మనిషి. పరిశీలన చూసేది పాసుపుస్తకాన్నే.

ఆ) విద్యుత్తు మీటరు: ఒకే మీటరుపై ముందు భాగంలో కొడుకు కాపురం, వెనుక గదిలో తల్లి, పై అంతస్తులో అద్దెవారు ఉండవచ్చు. యూనిట్లన్నీ ఒకే ఆధార్ సంఖ్యకు చేరుతాయి. ఆ సంఖ్య తల్లిదే అయితే ఒక్క బల్బు వెలిగించుకొనే ఆమె ఖాతాలో 300 యూనిట్లు దాటుతాయి.

ఇ) ఉద్యోగి అయిన సంతానం: కొడుకు ప్రభుత్వోద్యోగి అయితే ఒకే కార్డులో ఉన్న తల్లిదండ్రులు అనర్హులవుతారు. ఉద్యోగుల ఆరోగ్యపథకంలో ఆశ్రితులైన తల్లిదండ్రులకు చోటుంది. అయితే ఉద్యోగి తన ఆశ్రితుల జాబితాలో వారి పేర్లు నమోదు చేయాలి. నమోదు చేయకపోతే వారికి ఇదీ లేదు, అదీ లేదు.

ఈ) జాబితా తేదీ: ఆయుష్మాన్ భారత్‌కు మొదట 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల జనగణన ప్రాతిపదిక. 16 నుండి 59 ఏళ్ల మధ్య వయసువారు ఎవరూ లేని గ్రామీణ కుటుంబం అందులో ఒక అర్హతావర్గం. ఒంటరి వృద్ధులను గుర్తించడానికి ఇది చక్కని ప్రమాణమే. కానీ 2011లో భర్తకు 55, భార్యకు 50 ఏళ్లున్న జంట ఆనాడు ఈ వర్గంలోకి రాదు. పథకం మొదలైన 2018 నాటికి భర్తకు 62 ఏళ్లు. అప్పటికి భార్యకు 57. మరో మూడేళ్లకు ఇద్దరూ 60 ఏళ్లకు చేరినా జాబితాలో వారి వయసు 2011లోనే ఆగిపోయి ఉంటుంది. మనుషులు ముసలివారవుతారు గాని జాబితా కాదు.

4. రెండు చట్టాలు, రెండు కుటుంబాలు

కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకోవడం వెనుక ఒక నమ్మకం ఉంది. కొడుకు ఆదాయం తల్లికి అందుతుందన్నదే ఆ నమ్మకం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ఈ నమ్మకాన్ని ప్రశ్నించే స్థితి నుండే పుట్టింది. సంతానం పోషించని సందర్భంలో తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి నెలవారీ భృతి కోరవచ్చునని ఈ చట్టం చెబుతున్నది. 'పోషణ' అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో తిండి, బట్ట, నివాసంతో పాటు వైద్యం కూడా చేరి ఉంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వైరుధ్యం స్పష్టమవుతుంది. వైద్యపథకం కొడుకు ఆదాయాన్ని తల్లి ఆదాయంగా ముందే లెక్కవేస్తుంది. పోషణ చట్టం ఆ ఆదాయంలో తల్లికి వాటా ఇప్పించడానికి విచారణ జరపాలంటుంది. మొదటిది స్వతస్సిద్ధమని భావించినదాన్ని రెండవది నిరూపించి సాధించుకోవలసిన హక్కుగా చూపుతుంది. తల్లి తన కొడుకుపై ఫిర్యాదు చేస్తేనే ఆమె పేదరికం కాగితం మీదికి వస్తుంది. తెలుగు కుటుంబాలలో ఎంతమంది తల్లులు ఆ పనికి సిద్ధపడతారన్నది అందరికీ తెలిసినదే. 'నా కొడుకు బాగానే చూసుకుంటున్నాడు' అని ఆమె పరువు కోసం చెప్పే మాటే ఆమె అనర్హతకు సాక్ష్యమవుతుంది.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయ ప్రమాణాన్ని తొలగించడం ఈ కోణంలో ప్రాధాన్యం గల మార్పు. ఇక్కడ కొడుకు ఉద్యోగం, పొలం, మీటరు ఏదీ అడ్డురాదు. వయసొక్కటే ప్రమాణం. అయితే చిక్కు పూర్తిగా తొలగలేదు. ఆదాయం నుండి వయసుకు మారింది. వయసుకు ఆధారం ఆధార్ కార్డు. పుట్టినతేదీ పత్రాలు లేని తరానికి నమోదు సమయంలో అంచనాగా ఒక సంవత్సరం వేశారు. జనవరి 1 పుట్టినతేదీగా ఉన్న వృద్ధులు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. ఉప్పెన ఏడాదికో, కరువు ఏడాదికో ముడిపెట్టి వయసు చెప్పే వ్యక్తి 72 ఏళ్లని అన్నా కార్డులో 66 అని ఉంటే 66 మాత్రమే. పుట్టినతేదీ సవరణకు పత్రం కావాలి. సాధారణంగా ఒక్కసారి మాత్రమే ఆ అవకాశం ఉంటుంది. 60 నుండి 69 ఏళ్ల మధ్యవారికి పాత ఆదాయ ప్రమాణాలే వర్తిస్తాయన్నది కూడా మరువరాదు.

5. తిరస్కరణలోని రకాలు

'కార్డు పనిచేయలేదు', 'ఆరోగ్యశ్రీ రాదన్నారు' అన్న మాటల వెనుక వేర్వేరు కారణాలుంటాయి. ఏ రకమో తెలియకపోతే ఏ గుమ్మం ఎక్కాలో తెలియదు.

మొదటిది, అర్హత తిరస్కరణ. పేరు జాబితాలో లేకపోవడం, కార్డు రద్దు కావడం ఇందులోకి వస్తాయి. ఇది ఆసుపత్రి తీసుకున్న నిర్ణయం కాదు. ఆసుపత్రిలో వాదించి ప్రయోజనం లేదు. రేషన్ కార్డుతో ముడిపడిన సమస్య అయితే ఆహారభద్రత చట్టం, 2013 ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపై రాష్ట్ర ఆహార కమిషన్‌కు వెళ్లవచ్చు. భూమి, మీటరు, వాహనం తప్పుగా ముడిపడితే ఆయా శాఖలలో దిద్దుబాటు జరగాలి.

రెండవది, గుర్తింపు తిరస్కరణ. జాబితాలో పేరుంది కాని వేలిముద్ర పడలేదు. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో మరొక పేరు ఉంది. జీవితమంతా మట్టిపని, నారుపని చేసినవారి వేలిరేఖలు అరిగిపోవడం సహజం. కనుపాప, ముఖం ద్వారా గుర్తింపు వంటి ప్రత్యామ్నాయాలను అడగాలి.

మూడవది, చికిత్స తిరస్కరణ. రోగి అర్హుడే అయినా ఆ చికిత్స జాబితాలో లేదనో, నివేదికలు సరిపోలేదనో ట్రస్టు వైద్యులు ముందస్తు అనుమతి ఇవ్వకపోవచ్చు. ఇక్కడ అవసరమైనది ఆదాయ ధ్రువీకరణ కాదు. చికిత్స చేసే వైద్యుని స్పష్టమైన నివేదిక. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర ద్వారా అదనపు నివేదికలతో తిరిగి పంపమని కోరవచ్చు.

నాలుగవది, డబ్బు అడగడం. ఇది తిరస్కరణలా కనిపించని తిరస్కరణ. పథకం కింద చేర్చుకొని పరీక్షలకో, మందులకో వేరుగా వసూలు చేసినప్పుడు రసీదు అడిగి తీసుకోవడం ముఖ్యం. రసీదు లేని ఫిర్యాదు నిలవడం కష్టం.

6. అప్పీలు మార్గాలు

ఆయుష్మాన్ భారత్‌లో ఫిర్యాదుల పరిష్కారానికి మూడంచెల వ్యవస్థ ఉంది. జిల్లాస్థాయి కమిటీ, దానిపై రాష్ట్రస్థాయి కమిటీ, దానిపై జాతీయస్థాయి కమిటీ. 14555 నంబరుకు ఫోను ద్వారా గాని, అంతర్జాల వేదిక ద్వారా గాని ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలలో ఆరోగ్యశ్రీ వ్యవహారాలకు 104 నంబరు, ఆరోగ్యమిత్ర, జిల్లా సమన్వయకర్త అందుబాటులో ఉంటారు. కలెక్టరేట్లలో సోమవారం జరిగే అర్జీల స్వీకరణ కార్యక్రమం గ్రామీణ వృద్ధులకు ఎక్కువగా పరిచయమున్న వేదిక.

ఇవన్నీ ఉన్నా అప్పీలుకు తొలిమెట్టు లిఖితపూర్వకమైన కారణం. నోటిమాటగా 'రాదు' అన్నదానిపై అప్పీలు చేయడం నీటిపై గీత గీయడం వంటిది. ఇక్కడ సమాచార హక్కు చట్టం, 2005 ఉపయోగపడుతుంది. పరిపాలనా నిర్ణయాలకు కారణాలను ప్రభావితులైన వ్యక్తులకు తెలియజేయాలని 4(1)(డి) సెక్షన్ ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశిస్తున్నది. దరఖాస్తు చేస్తే 30 రోజులలో సమాచారం ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో ఇవ్వాలి. తెలుగులోనే అడగవచ్చు. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడంలో అధికారి సహాయం చేయాలి. జవాబు రాకపోతే 30 రోజులలో మొదటి అప్పీలు, ఆపై 90 రోజులలో రెండవ అప్పీలు చేయవచ్చు. ఈ చట్టం అర్హతను తిరిగి ఇవ్వదు. ఎందుకు పోయిందో చెబుతుంది. అది చెప్పిన తరువాతే అసలు అప్పీలు మొదలవుతుంది.

ఖర్చు లేకుండా న్యాయసహాయం కోరేవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఒంటరి వృద్ధ మహిళలకు ఇది ముఖ్యమైన వెసులుబాటు. చివరి మార్గంగా 226వ అధికరణం కింద హైకోర్టు ఉంది. అత్యవసర వైద్యం అందించడంలో ప్రభుత్వ వైఫల్యం జీవించే హక్కుకు భంగమని 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2018లో అశ్వనీకుమార్ కేసులో వృద్ధుల ఆశ్రయం, వైద్యం, పింఛను విషయాలలో ప్రభుత్వాల బాధ్యతను గుర్తుచేసింది.

అన్ని మార్గాలలోనూ వృద్ధునికి ఎదురయ్యే అసలు అడ్డంకి కాలం. నెల గడువు పరిపాలనకు చిన్నది. డయాలసిస్ అవసరమైన రోగికి అది పన్నెండు, పదమూడు సార్లు చేయించుకోవలసిన చికిత్స. అందువల్లనే చాలా కుటుంబాలు అప్పీలుకు బదులు శాసనసభ్యుని లేఖతో ముఖ్యమంత్రి సహాయనిధికి వెళ్తాయి. సహాయనిధి దయతో ఇచ్చేది. అప్పీలు హక్కుతో అడిగేది. దయ తొందరగా అందుతుందనిపించినప్పుడు హక్కు వెనుకబడుతుంది. సహాయనిధితో ఒక బిల్లు తీరవచ్చు. తప్పుగా పడిన మీటరు సంఖ్య మాత్రం అలాగే ఉండి తరువాతి జబ్బుకూ అడ్డుపడుతుంది.

7. పదజాలం – అవగాహన

ఈ ప్రక్రియలో వాడే మాటలను పరిశీలిస్తే వృద్ధుల సంకోచానికి ఒక కారణం కనిపిస్తుంది. 'అర్హత' సంస్కృత పదం. 'అర్హ' ధాతువుకు పూజించడం, తగినదై ఉండడం అనే అర్థాలున్నాయి. కనుక 'అనర్హుడు' అన్న మాట వినేవారికి పథకం నియమానికి సరిపడనివాడు అని కాక, తగనివాడు అని వినిపిస్తుంది. జీవితమంతా గౌరవంగా బతికిన వ్యక్తికి అది తీర్పులా తగులుతుంది. 'లబ్ధిదారు' అన్నది సంస్కృత 'లబ్ధి'కి పారసీక 'దారు' చేరిన మిశ్రసమాసం. పొందేవాడన్న అర్థమే గాని హక్కుదారన్న అర్థం అందులో లేదు.

'ఫిర్యాదు' పారసీక పదం; మూలంలో ఆక్రందన, మొర అని అర్థం. 'అర్జీ' అరబ్బీ నుండి వచ్చినది. విన్నవించుకోవడం దాని భావం. ఈ రెండూ శతాబ్దాలుగా తెలుగువారి నోట నలిగిన మాటలు. 'అప్పీలు' ఆంగ్లపదం. పల్లె వాడుకలో అది కోర్టుతో, వకీలుతో, ఖర్చుతో ముడిపడింది. అర్జీ పెట్టడానికి వెనుకాడని వృద్ధుడు అప్పీలు అనగానే వెనుకడుగు వేస్తాడు. రెండింటి స్వభావమూ వేరు. అర్జీ కొత్తగా అడగడం. అప్పీలు ఇచ్చిన నిర్ణయాన్ని తిరిగి చూడమనడం. ఈ తేడా తెలియక ఒకే వ్యక్తి ఒకే విషయంపై ప్రతి సోమవారం కొత్త అర్జీ పెడుతూ ఉంటాడు. ప్రతి అర్జీ మొదటి మెట్టు దగ్గరే మొదలవుతుంది.

1966 నుండి తెలుగు అధికారభాష. అయినా ఫోనుకు వచ్చే సందేశాలలో, కంప్యూటరు తెరపై కనిపించే కారణాలలో ఆంగ్ల సంక్షిప్తాలే ఎక్కువ. "మీ ఇంటి మీటరు నంబరు ఇది; ఆరు నెలల సగటు ఇంత; పరిమితి ఇంత; తప్పని భావిస్తే ఫలానా అధికారికి ఇన్ని రోజులలో చెప్పండి" అని నాలుగు తెలుగు వాక్యాలు రాసి ఇస్తే వృద్ధుడు ఆ కాగితాన్ని మనుమరాలి చేత చదివించుకోగలడు. మీటరు తనది కాదని చెప్పగలడు. పరిపాలనలో మాతృభాష అవసరమన్న వాదానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ అక్కరలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• ఆదాయ ప్రమాణం గల వైద్యపథకాలలో వృద్ధుల అర్హత వారి సొంత స్థితిని బట్టి గాక కుటుంబపు ఆస్తిపత్రాలను బట్టి నిర్ణయమవుతున్నది.

• పోషణ చట్టం, 2007 గుర్తించిన వాస్తవాన్ని వైద్యపథకాల 'కుటుంబ' నిర్వచనం గుర్తించడం లేదు. వృద్ధులను ప్రత్యేక యూనిట్‌గా లెక్కించడం ఈ వైరుధ్యానికి పరిష్కారం కాగలదు.

• 70 ఏళ్లవారికి ఆదాయ ప్రమాణాన్ని తొలగించడం మేలైన మార్పు. 60–69 ఏళ్లవారి సమస్య, వయసు ధ్రువీకరణ సమస్య మిగిలే ఉన్నాయి.

• అర్హత, గుర్తింపు, చికిత్స, వసూలు – ఈ నాలుగింటిలో తిరస్కరణ ఏ రకమో తెలుసుకోవడం అప్పీలులో సగం పని.

• రాతపూర్వకంగా, తెలుగులో, గడువుతో సహా కారణం చెప్పడం తప్పనిసరి చేస్తే చాలా వివాదాలు మొదటి మెట్టులోనే పరిష్కారమవుతాయి.

తిరస్కరణ అనివార్యమైన సందర్భాలు ఏ పథకంలోనైనా ఉంటాయి. అయితే తిరస్కృతుడైన వృద్ధుడు ఆసుపత్రి గుమ్మం దిగేటప్పుడు అతని చేతిలో ఒక కాగితం ఉండాలి. ఆ కాగితంలో కారణం ఉండాలి, తరువాత వెళ్లవలసిన చోటు ఉండాలి. ఆ రెండూ లేనంతవరకు అప్పీలు హక్కు చట్టాలలోనే మిగిలిపోతుంది.